టీమ్‌లో ఉత్సాహం లేదు, నాలోనూ లేదు. ఏం చేయాలక్కా?

ప్రశ్న: అక్కా, నాకు 33 ఏళ్లు. మాది దేవరకద్ర దగ్గర పల్లె. జడ్చర్ల పక్కన పోలేపల్లి సెజ్‌లో ఒక మందుల కంపెనీలో చేస్తున్నాను. ప్యాకింగ్‌లో ఆపరేటర్‌గా చేరి, పోయిన ఏడాది షిఫ్ట్ ఇన్‌ఛార్జ్ అయ్యాను. నా కింద 22 మంది. అప్పటిదాకా అన్నా, తమ్మీ అని కలిసి తిన్నవాళ్లే ఇప్పుడు నేను దగ్గరికి పోతే మాట ఆపేస్తున్నారు. చెప్పిన పని చేస్తారు, అంతకుమించి ఎవరూ ఏమీ పట్టించుకోరు. పైనుంచి టార్గెట్ల టెన్షన్. కంపెనీవాళ్లు రెండు రోజులు మోటివేషన్ ట్రైనింగ్‌కు పంపారు. అక్కడ చెప్పినట్టే రోజూ షిఫ్ట్ మొదట్లో ఒక మంచి మాట చెప్పాను, గోడకు పోస్టర్లు పెట్టించాను, నెలకొకరికి బెస్ట్ ఆపరేటర్ షీల్డు ఇప్పించాను. మంచి మాటకు నవ్వుకుంటున్నారు, షీల్డు కోసం పోట్లాడుకుంటున్నారు. ముగ్గురి గురించి చెప్పాలి. ఒకాయన నాకన్నా పదేళ్లు పెద్ద, నాకు మెషీన్ నేర్పింది ఆయనే. ప్రమోషన్ నాకొచ్చినప్పటినుంచి ముభావంగా ఉంటున్నాడు. ఒక అమ్మాయి బీఎస్సీ చదివింది, పని బాగా చేస్తుంది, కానీ కంపెనీ తనిఖీకి ఆడిటర్ వచ్చి అడిగితే నోరు పెగలదు. ఇంకో పిల్లగాడు వారంలో రెండు మూడు రోజులు లేటు. నా సంగతికొస్తే, నైట్ షిఫ్ట్ చేసి వచ్చాక నిద్ర పట్టదు, ఇంట్లో చిన్న మాటకే అరుస్తున్నాను, కంపెనీ బస్సు ఎక్కాలంటే కాళ్లు రావడం లేదు. వీళ్లలో ఉత్సాహం నింపడం ఎట్లా? నాలో నేను నింపుకోవడం ఎట్లా? పేరు వేయకండి.

సమాధానం: తమ్ముడూ, 22 మంది గురించి ఉత్తరమంతా రాసి, నీ గురించి చివర్లో ఒక్క వాక్యం రాశావు. నేను ఆ వాక్యంతోనే మొదలుపెడతాను. నిద్ర లేని మనిషికి ఇంకొకరి మాట వినే ఓపిక ఉండదు. నేను కింద చెప్పబోయేదంతా వినడం మీద ఆధారపడిన పనే.

నైట్ షిఫ్ట్ చేసినవాడికి పగలు నిద్ర పట్టకపోతే అది మనసు బలహీనత అనుకోకు. వెలుతురు కంట్లో పడగానే మేలుకోమని ఒంటికి కబురు పోతుంది. పొద్దున బస్సు దిగి, ఎండలో ఇంటికొచ్చి, కాసేపు ఫోన్ చూసి, టిఫిన్ చేసి, పిల్లల్ని బడికి పంపి పది గంటలకు పడుకుంటే నిద్ర ఎట్లా వస్తుంది? బస్సులో నల్ల కళ్లద్దాలు పెట్టుకో, ఎవరు నవ్వినా సరే. ఇంటికి రాగానే పడుకో. కిటికీకి మందపాటి దుప్పటి కట్టు. తెల్లవారుజామున నాలుగింటికి తాగే టీ మానెయ్. టీలో ఉండే కెఫీన్ సగం తగ్గడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది. అంటే నువ్వు పడుకునే వేళకు అందులో సగానికి పైగా ఒంట్లోనే ఉంటుంది. రాత్రి ఒంటిగంట, రెండు దాటాక టీ ముట్టుకోకు. పగలు ఏకధాటిగా ఏడు గంటలు రాకపోతే, సాయంత్రం షిఫ్టుకు బయల్దేరే ముందు ఇంకో గంటో గంటన్నరో పడుకో. ఇంట్లోవాళ్లకు కూడా చెప్పు. మన ఊళ్లలో పగలు పడుకున్న మగమనిషిని ‘ఏం, పానం మంచిగ లేదా’ అని పది మంది లేపుతారు, అందుకని ముందే చెప్పి పెట్టాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో తన కొత్త జబ్బుల జాబితాలో బర్న్‌అవుట్ గురించి రాసింది. జబ్బుగా కాదు, ఉద్యోగంలో ఒత్తిడి ఎడతెగకుండా ఉండి, దాన్ని సరిగా సర్దుకోలేకపోతే వచ్చే స్థితిగా. గుర్తులు మూడు: ఒంట్లో సత్తువంతా పోయినట్టుండటం, పని మీద మనసు విరిగి విసుగు రావడం, ఏం చేసినా చేసినట్టు అనిపించకపోవడం. నీ ఉత్తరంలో మొదటి రెండూ కనిపిస్తున్నాయి. నెల రోజులు నిద్ర సరిచేసుకున్నా ఇట్లాగే ఉంటే, లేదా పనే కాకుండా ఇల్లు, పిల్లలు, పండుగ, ఏదీ రుచించకుండా రెండు వారాలు దాటితే, డాక్టరు దగ్గరికి వెళ్లు. బతకడమెందుకు అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆ రోజే 14416కు ఫోన్ చెయ్. అది కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య సాయం నంబరు. రాత్రీ పగలూ పలుకుతుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు.

ఇక ట్రైనింగ్ సంగతి. రెండు రోజులు చప్పట్లు కొట్టించి పంపే ఇట్లాంటి కార్యక్రమాల మీద నాకు పెద్దగా గురి లేదు. ఆ ఊపు బస్టాండు దాకా ఉంటుంది. నువ్వు అక్కడినుంచి తెచ్చుకున్న ఆలోచన ఏమిటంటే, వీళ్లలో ఉత్సాహం లేదు కాబట్టి నేను నింపాలి అని. ఉత్సాహం ట్యాంకర్‌తో తెచ్చి పోసే నీళ్లు కాదు. 22 మందిలో ఎవరికి ఏది అడ్డం పడుతోందో తెలుసుకుని, నీ చేతనైనంత తీసేయడం నీ పని. తియ్యలేనివి పైవాళ్లకు చెప్పడం కూడా నీ పనే.

ఇది నేను కనిపెట్టింది కాదు. 1970ల్లో అమెరికాలో టిమ్ గాల్వే అనే టెన్నిస్ కోచ్ ఉండేవాడు. మోచెయ్యి ఇట్లా పెట్టు, బంతి చూడు అని ఎంత చెబితే నేర్చుకునేవాళ్లు అంత బిగుసుకుపోతున్నారని గమనించాడు. చెప్పడం తగ్గించి ఒక చిన్న పని ఇచ్చాడు. బంతి నేలకు తగలగానే ‘బౌన్స్’ అనాలి, బ్యాట్‌కు తగలగానే ‘హిట్’ అనాలి, అంతే. ఆ రెండు మాటలు సరైన క్షణంలో అనాలంటే బంతిని చూడక తప్పదు. చూపు బంతి మీద ఉంటే తప్పు చేస్తానేమోనన్న భయానికి చోటుండదు. మనిషి పని అతని సత్తా ఎంతో అంత ఉండదు, అందులోంచి అడ్డాలు ఎంత మింగితే అంత తగ్గుతుంది అన్నాడాయన. ఉద్యోగాల్లో కోచింగ్ (చెప్పడం తగ్గించి, అడిగి మనిషి చేతే దారి వెతికించడం) అని ఇప్పుడు చెప్పేవాటిలో చాలా మటుకు అక్కడినుంచి మొలిచినవే.

నీ లైన్ మీదికి తెచ్చుకుందాం. మాత్రల్ని స్ట్రిప్పుల్లో ప్యాక్ చేసే బ్లిస్టర్ మెషీన్ దగ్గర నిలబడి ‘జాగ్రత్తగా చూడు, రిజెక్షన్ ఎక్కువైతుంది’ అని రోజుకు ఎన్నిసార్లు అంటావు? ఆ మాట విన్నవాడు నిన్ను చూస్తాడు, మెషీన్‌ను చూడడు. దాని బదులు ‘ఏ వరసలో ఖాళీ పాకెట్లు ఎక్కువ పడుతున్నయి? ఫాయిల్ రోల్ మార్చినంక పెరుగుతుందా, ముందటినుంచే ఉందా?’ అని అడిగిచూడు. జవాబు చెప్పడానికైనా గంటసేపు కళ్లు మెషీన్ మీద పెడతాడు. గంటకు నీ దగ్గరికి వచ్చి చెప్పేది ఒక్కోసారి మెయింటెనెన్స్‌వాళ్లకు కూడా తెలియని సంగతి అవుతుంది.

షీల్డు ఎందుకు బెడిసికొట్టిందో కూడా చెప్పాలి. 1971లో ఎడ్వర్డ్ డెసీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కాలేజీ విద్యార్థులకు ముక్కలు పేర్చే పజిల్ ఇచ్చాడు. దాన్ని వాళ్లు ఇష్టంగానే ఆడారు. తర్వాత కొందరికి, పేర్చినదానికల్లా ఒక డాలర్ చొప్పున ఇచ్చాడు. ఆ తర్వాత డబ్బు ఆపేశాడు. డబ్బు రుచి చూసినవాళ్లు ఖాళీ సమయంలో ఆ పజిల్‌ను ముట్టుకోవడం తగ్గించారు, మిగతావాళ్లు మామూలుగానే ఆడుకున్నారు. డెసీ, ఆయన సహచరుడు రిచర్డ్ రయాన్ ఆ తర్వాత ఏళ్ల తరబడి పరిశోధన చేసి తేల్చింది ఇది: మనిషికి పని మీద మనసు నిలవాలంటే మూడు కావాలి. ఇందులో నా మాట కూడా చెల్లుతుంది అనిపించాలి. నాకిది చేతనవును అనిపించాలి. ఇక్కడ నావాళ్లున్నారు అనిపించాలి. నీ షీల్డు ఒక్కరికి రెండోది ఇచ్చి, మిగతా 21 మంది దగ్గర మూడోది లాక్కుంది.

ఇక్కడో మాట పక్కన పెట్టి పోతాను. ఈ ప్రయోగాన్ని చూపించి ‘డబ్బుతో ఉత్సాహం రాదు’ అని జీతాలు పెంచకుండా తప్పించుకునే యాజమాన్యాలున్నాయి. డెసీ పరీక్షించింది ఇష్టంగా ఆడే ఆటకు ఇచ్చే బహుమతిని, ఇల్లు గడిచే జీతాన్ని కాదు. మీ కాంట్రాక్టు మనుషులకు ఓటీ (అదనపు గంటల పని) డబ్బు సరిగా రావడం లేదంటే దానికి కోచింగ్ మందు కాదు. ఓటీకి రెట్టింపు లెక్క కట్టాలని చట్టమే చెబుతోంది. ఆ సమస్య వస్తే ప్రశ్నలు అడుగుతూ కూర్చోకు, హెచ్‌ఆర్‌కు రాయి.

ఇప్పుడు పెద్దాయన. నీ ముగ్గురిలో అసలు చిక్కు అక్కడుంది, నీ షిఫ్టుకు తాళంచెవీ అక్కడే ఉంది. కొత్త పిల్లలు నీ మొహం కన్నా ఆయన మొహమే ఎక్కువ చూస్తుంటారు. ఆయన పెదవి విరిస్తే నీ మంచి మాట అక్కడికక్కడే చస్తుంది.

ఆయన్ని క్యాబిన్‌కు పిలవకు. క్యాబిన్‌కు పిలిస్తే మెమో ఇస్తావేమో అనుకుంటాడు. క్యాంటీన్‌లో తిన్నాక, ఇద్దరే ఉన్నప్పుడు కూర్చో. సుతిమెత్తగా చుట్టూ తిప్పకుండా అసలు మాట ఎత్తు. ‘అన్నా, ప్రమోషన్ నీకు వస్తదనుకున్నవ్. నాకు పని నేర్పింది నువ్వే. ఇన్ని రోజులైనా ఈ ముచ్చట మనం ఎత్తలే. నీ మనసుల ఏమున్నదో చెప్పు, నేను అడ్డం మాట్లాడ.’ అని ఆపెయ్. ఆయన చెప్పేది నీకు నచ్చకపోవచ్చు. మేనేజర్‌ను తిట్టొచ్చు, నిన్నే ఎత్తిపొడవొచ్చు. ‘అది కాదన్నా’ అని ఒక్కసారి అన్నావంటే ఆ రోజుకు పని చెడినట్టే. విను. చివర్లో ఆయన చెప్పిందే నీ మాటల్లో తిరిగి చెప్పి, ‘నేను అర్థం చేసుకున్నది గిదే కదా’ అని అడుగు. ఆ రోజు పని గురించి ఏమీ అడగొద్దు.

వారం పోయాక పని గురించి అడుగు. మీకు చేంజోవర్, అంటే ఒక మందు నుంచి ఇంకో మందుకు మెషీన్ మార్చడం, ఆలస్యం అవుతుంటుంది కదా, ఏ ప్యాకింగ్‌లో కాదు గనక! దానితో మొదలుపెట్టొచ్చు. మాట ఇట్లా నడుస్తుందనుకో:

‘అన్నా, చేంజోవర్ ఎంతల అయితే మనకు మంచిగుంటది?’

‘ఇప్పుడు రెండున్నర గంటలు తింటుంది. గంటన్నర చాలు.’

‘టైమ్ ఏడ పోతుంది?’

‘తుడుసుడు జల్దీనే అయితది. పార్టులకు స్టోర్‌కు తిరుగుడు, క్యూఏ (నాణ్యత చూసేటోళ్లు) వచ్చేదాంక నిలబడుడు. ఆడ పోతది.’

‘ఏం జేయొచ్చంటవ్?’

‘ముందు షిఫ్టోళ్లే పార్టులు ట్రాలీల పెట్టి పోవచ్చు. క్యూఏకు అరగంట ముందే చెప్పొచ్చు.’

‘ఇంకా?’

‘ఇంకేమున్నది…’ కాసేపు గ్లాసు తిప్పుకుంటూ కూర్చుంటాడు. ‘కొత్త పిల్లగాండ్లకు పార్టులు బిగించుడు రాదు. నేనొక్కన్ని బిగిస్త, నలుగురు సూస్తరు. వాళ్లకు నేర్పినోడు లేడు.’

‘ఇండ్ల నువ్వు ఏది పట్టుకుంటవ్? ఎప్పటిసంది?’

‘బుధవారం చేంజోవర్ ఉంది గదా. ఇద్దరిని నాకియ్యి.’

చూశావా, అసలు సంగతి ‘ఇంకా?’ తర్వాత వచ్చింది. మొదటి రెండు జవాబులు మీటింగుల్లో అందరూ చెప్పేవే. మూడోది ఆయన కడుపులో ఉన్నది. నేర్పేవాడిగా ఆయనకున్న గౌరవం ప్రమోషన్‌తో పోయిందనుకున్నాడు, దాన్ని ఆయనే అడిగి తీసుకున్నాడు. నువ్వు ముందే ‘అన్నా, ఇద్దరికి ట్రైనింగ్ ఇయ్యి’ అని చెప్పి ఉంటే అదొక ఆర్డరయ్యేది, ఇంకో బరువయ్యేది.

ఏం కావాలి, ఇప్పుడెట్లుంది, ఏమేం దారులున్నాయి, నువ్వేది చేస్తావు ఎప్పుడు చేస్తావు. ఈ నాలుగు మెట్లకు ఇంగ్లిష్ మాటల మొదటి అక్షరాలు కలిపి ‘గ్రో’ అని పేరు పెట్టారు. బ్రిటన్‌కు చెందిన జాన్ విట్‌మోర్ 1992లో అచ్చు వేసిన పుస్తకంతో ఇది దేశదేశాలకు పాకింది. వరస తప్పినా ఫర్వాలేదు కానీ చివరి మెట్టు మాత్రం వదలకు. ‘చూద్దాం’ దగ్గర ఆగిన మాట చూడకుండానే పోతుంది. రోజు, మనిషి, పని మూడూ ఆయన నోటితోనే రావాలి.

కానీ ఒకటి గుర్తుపెట్టుకో. మిగతావాళ్లను ఇట్లా అడిగితే మొదట నీకు వచ్చే జవాబు ‘మీరెట్ల జెప్తె అట్లనే సార్’. దానికి నొచ్చుకోకు. పాలమూరు లేబర్ అని దేశమంతా పిలిచిన జిల్లా మనది. అడ్వాన్స్ తీసుకుని గుంపు మేస్త్రీ వెంట బొంబాయికో, పుణెకో, ఎక్కడో కట్టే డ్యాముకో పోయిన తండ్రులు, తాతలు ఉన్న ఇళ్లు. అక్కడ మట్టి మోసే మనిషిని ‘నువ్వేమంటవ్’ అని ఎవరడిగారు? తెలివి చూపించినవాడి నెత్తినే ఇంకో తట్ట పడేది. నోరు మూసుకుని పని చేసుకుపోవడం ఆ ఇళ్లలో పిల్లలకు జాగ్రత్తగా నేర్పిన బతుకుతెరువు. నీ లైన్లో ఉన్నవాళ్లలో చాలామంది ఆ ఇళ్లవాళ్లే, బహుశా నువ్వు కూడా. వాళ్లలో చొరవ లేదనుకునే ట్రైనర్లకు ఈ సంగతి తెలియదు, నీకు తెలుసు. కాబట్టి అడిగాక ఆగు. మనకు నిశ్శబ్దం ఐదు సెకన్లుంటే పదిహేను లాగా అనిపించి మనమే జవాబు చెప్పేస్తాం. ఆ ఐదు సెకన్లు ఓర్చుకోవడమే ఇందులో కష్టమైన భాగం. ఇంకోటి, ఎవరైనా ఒక మాట చెబితే అందులో ఏదో ఒక ముక్కైనా ఆ వారంలోనే అమలు కావాలి, అది చెప్పింది ఫలానా మనిషి అని పది మందిలో అనాలి. చేయలేనిదైతే ఎందుకు చేయలేమో వెళ్లి చెప్పాలి. అడిగి పట్టించుకోకపోవడం కన్నా అడగకపోవడమే నయం.

22 మందితో ఇట్లా ఎప్పుడు మాట్లాడాలి అంటావు. వారానికి ఇద్దరితో, తలా పది నిమిషాలు. పదకొండు వారాల్లో ఒక చుట్టు అయిపోతుంది. దానికి ఫారం తయారు చేయించకు. ఫారం వచ్చిందంటే మాట పోయి సంతకం మిగులుతుంది, మందుల కంపెనీలో పనిచేసే నీకు ఇది వేరే చెప్పాలా?

బీఎస్సీ అమ్మాయి సంగతి. ఆమెతో మాట్లాడేటప్పుడు నలుగురూ కనిపించే చోట, తోటి ఆడపిల్లలు ఉన్నప్పుడే మాట్లాడు. లేకపోతే ఆమెకు లేనిపోని తలనొప్పి. ధైర్యంగా ఉండమ్మా అని మాత్రం చెప్పకు, ఆ మాట ఆమె ఇప్పటికి వందసార్లు విని ఉంటుంది. ‘ఆడిటర్ ముందట మాట్లాడే ధైర్యం పదిల ఎంత?’ అని అడుగు. మూడు అంటుందనుకో. మనందరికీ నోట్లోకి వచ్చే ప్రశ్న ‘పది ఎందుకు లేదు’. అది అడిగితే తనలోని లోపాలన్నీ వరసగా చెబుతుంది, ఇంకా కుంగుతుంది. ‘ఒకటి ఎందుకు కాదు, మూడు ఎందుకన్నవ్?’ అని అడుగు. అప్పుడు వెతుక్కుంటుంది. ‘బ్యాచ్ రికార్డు నేనే నింపుత కద సార్, ఏం రాసిన్నో నాకు ఎరుకే’ అంటుంది. ‘మరి నాలుగు కావాలంటే ఏం మారాలె?’ అన్నది తర్వాతి ప్రశ్న. పదికి ఎట్లా పోవాలని అడగకు, నాలుగు చాలు. ఈ పద్ధతిని అమెరికాలో స్టీవ్ డి షేజర్, ఇన్సూ కిమ్ బర్గ్ అనే దంపతులు కౌన్సెలింగ్‌లో వాడి వ్యాప్తిలోకి తెచ్చారు.

నావల్ల అవుతుందన్న నమ్మకం ఎట్లా పుడుతుందో ఆల్బర్ట్ బందూరా అనే శాస్త్రవేత్త 1977లో రాశాడు. అన్నిటికన్నా గట్టిది, స్వయంగా ఒకసారి చేసి నెగ్గడం. తర్వాతిది, తనలాంటి మనిషే చేస్తుంటే చూడటం. ఇతరులు చెప్పే ప్రోత్సాహపు మాట వీటి తర్వాతే, అది త్వరగా ఆవిరైపోతుంది. ఒళ్లు వణకడం, గుండె దడ లాంటివి కూడా నమ్మకాన్ని తగ్గిస్తాయి. అందుకని ఆమెకు ముందు షిఫ్ట్ హ్యాండోవర్‌లో రెండు నిమిషాలు చదివి చెప్పే పని ఇవ్వు. అది అలవాటయ్యాక, క్యూఏలో నీకు తెలిసినవాళ్లను ఆడిటర్‌లా వచ్చి లైన్ క్లియరెన్స్ (పాత బ్యాచ్‌ది ఏదీ లైన్ మీద మిగల్లేదని సరిచూడటం) గురించి నాలుగు ప్రశ్నలు అడగమను. ఇదివరకు ఆడిటర్‌కు జవాబు చెప్పిన ఆపరేటర్ ఆడమనిషి ఎవరైనా ఉంటే పక్కన నిలబెట్టి చూపించు. అడిగినదానికే జవాబు చెప్పాలి, తెలియకపోతే ‘ఎస్‌ఓపీ (పని పద్ధతి రాసిన కాగితం) చూసి చెప్తాను సార్’ అనడం తప్పు కాదు అని నేర్పు. ఆమె భయం సబ్జెక్టు మీదా, ఇంగ్లిష్ మీదా అన్నది కూడా తేల్చుకో. ఇంగ్లిషే అయితే తెలుగులో చెప్పి పక్కవాళ్లతో అనువాదం చేయించే వీలుందేమో ముందే క్యూఏను కనుక్కో.

లేటుగా వచ్చే పిల్లగాడి గురించి నేను రాసేది తక్కువ, ఎందుకంటే ఎందుకు లేటో నువ్వు రాయలేదు. నీకు తెలియదని అర్థం. ‘రోజూ లేటేంది’ అని అడిగితే సాకు చెబుతాడు. ‘లేటు కాని రోజు ఏం జరుగుతది?’ అని అడిగితే అసలు సంగతి చెబుతాడు. బస్ పాయింట్ దాకా దిగబెట్టే బండి మీద ఆధారపడ్డాడో, ఇంట్లో పశువులో, తాగుడో, ఏదో ఒకటి బయటికొస్తుంది. కనుక్కుని కూడా ఏమీ మారకపోతే అప్పుడు నిబంధన ప్రకారం నడువు. అందరితో మెత్తగా ఉండమని నేను చెప్పడం లేదు.

అదే వరసలో ఇంకోటి. లైన్ క్లియరెన్స్ దగ్గర, మెషీన్ గార్డు తీసే దగ్గర, ఒక మందు డబ్బాలో ఇంకో మందు పడే ప్రమాదం ఉన్న ఏ చోటా ‘నువ్వేమంటవ్’ అని అడగొద్దు. పాత బ్యాచ్ మాత్ర ఒక్కటి మిగిలినా మెషీన్ నడవకూడదు, అంతే, అక్కడ చర్చ లేదు. చేరి వారం కాని మనిషికి కూడా ప్రశ్నలు కాదు, చేసి చూపించాలి. తెలియనివాడిని ‘నీ ఆలోచన ఏంటి’ అని అడిగితే ఎగతాళి చేసినట్టుంటుంది.

చివరిగా నువ్వు. నాకు నేను ఉత్సాహం నింపుకోవడమెట్లా అని అడిగావు. ఐదేళ్ల తర్వాత ఎక్కడుండాలనుకుంటున్నావు అనే ప్రశ్న ఇంటర్వ్యూల్లో తప్ప ఎక్కడా పనికి రాదని నా అభిప్రాయం, కాళ్లు రావడం లేదంటున్న మనిషికి అసలే పనికి రాదు. ఒక పాకెట్ పుస్తకం కొనుక్కో. షిఫ్ట్ అయ్యాక బస్సులో ఒక్క లైను రాయి: ఇవాళ కొంచెమైనా ముందుకు కదిలింది ఏమిటి. ‘ఆ పిల్ల హ్యాండోవర్ చదివింది.’ ‘అన్న నవ్విండు.’ అంతే చాలు. తెరెసా అమబైల్ అనే అమెరికన్ పరిశోధకురాలు ఏడు కంపెనీల్లో 238 మంది ఉద్యోగుల దగ్గర దాదాపు 12,000 రోజువారీ డైరీ నోట్లు సేకరించి చూసింది. పనిలో మనసు బాగున్న రోజుల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించింది, అర్థమున్న పని కాస్త ముందుకు సాగడమే. అది ఎంత చిన్నదైనా సరే. మీ బోర్డు మీద స్ట్రిప్పుల లెక్క ఉంటుంది, ఇట్లాంటి లెక్క ఉండదు, కాబట్టి నీకు నువ్వే రాసుకోవాలి.

ఇంకా ఏదైనా నేర్చుకోవాలనుంటే, ఎక్సెల్ అనుకో, ఇంగ్లిష్ అనుకో, ‘టైమ్ దొరికినప్పుడు’ అని పెట్టుకోకు. ఎప్పుడు, ఎక్కడ అన్నది ఒక పనికి ముడి వేసుకో. పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చేసిన పరిశోధనల్లో, ‘ఫలానా సమయం రాగానే ఫలానాది చేస్తాను’ అని ముందే అనుకున్నవాళ్లు, ఉత్త సంకల్పం పెట్టుకున్నవాళ్లకన్నా ఎక్కువగా ఆ పని చేసి తీరారు. ‘పగటి షిఫ్టులో బస్సు దేవరకద్ర దాటగానే చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టి పావుగంట పాఠం వింటా’ లాంటిది. నైట్ షిఫ్ట్ వారంలో ఇది కూడా వద్దు, పడుకో.

మీ మేనేజర్‌తో మాట్లాడాల్సినవి రెండు ఉన్నాయి. మొదటిది షీల్డు. దాన్ని ఆపేయమని అడుగు, ఆ డబ్బుతో నెలకోసారి షిఫ్టు మొత్తానికి బిర్యానీ పెట్టించమను. రెండోది షిఫ్టుల వరస. మీ దగ్గర పొద్దు, సాయంత్రం, రాత్రి అన్న క్రమంలో తిరుగుతుందో, వెనక్కి తిరుగుతుందో నువ్వు రాయలేదు. వెనక్కి తిరుగుతుంటే మార్చమని అడుగు, ఎందుకంటే నిద్రను ఆలస్యం చేసుకోవడం ఒంటికి కాస్త తేలిక, ముందుకు లాక్కోవడం కష్టం. నైట్ నుంచి పొద్దు షిఫ్టుకు మారేటప్పుడు మధ్యలో ఒక పూర్తి రోజు విరామం ఉండేలా చూడమను. 22 మంది నిద్ర గురించి అడుగుతున్నావు కాబట్టి మొహమాటపడక్కర్లేదు. నోటిమాటగా వదిలేయకుండా మెయిల్ పెట్టి, అందులో ఏ వారం ఎన్ని రిజెక్షన్లు, అందులో నైట్ షిఫ్టువి ఎన్ని అన్న లెక్క జత చెయ్యి. ఆ లెక్క నీ దగ్గరే ఉంటుంది.